భాగం 14: విచారణల విలీనం – అమెరికా కతోలిక సమాజాల్లో మార్పు, జ్ఞాపకం

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• కతోలిక శ్రీసభలో 'విచారణ' అనే వ్యవస్థ ఎలా ఏర్పడిందో తెలుసుకుంటారు.
• ఇరవయ్యో శతాబ్దం చివరినుంచి అమెరికాలో విచారణలు విలీనం కావడానికి గల కారణాలను వివరించగలుగుతారు.
• బోస్టన్, క్లీవ్‌లాండ్, పిట్స్‌బర్గ్ అనుభవాలను పోల్చి చూడగలుగుతారు.
• ఒక సమాజం మార్పును అంగీకరించడానికి ఎలాంటి పరిస్థితులు అవసరమో విశ్లేషించగలుగుతారు.

14.1 పరిచయం

విలీనం అనగానే చరిత్ర విద్యార్థులైన మీకు సంస్థానాలు గుర్తుకువస్తాయి. 1948లో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన ఘట్టాన్ని మీరు ఇదివరకే చదివారు. ఈ భాగంలో మనం పరిశీలించే విలీనం చాలా చిన్నది. ఇందులో సైన్యాలు లేవు, సరిహద్దు రేఖలు లేవు. పక్కపక్క వీధుల్లో ఉన్న రెండు మూడు చర్చీలు ఒకే సమాజంగా మారాలని పీఠాధిపతి ఒక ఆదివారం ప్రకటిస్తారు, అంతే. కాని ఆ ప్రకటన విన్నవారికి అది చిన్న విషయం కాదు. తల్లిదండ్రుల పెళ్ళి జరిగిన చోటు, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించిన చోటు, ఇంట్లో పెద్దవారి శవపేటికను చివరిసారి దించిన చోటు ఇకమీదట తమది కాదని చెబితే మనిషి ఎలా తట్టుకుంటాడు? ఎప్పుడు ఎదురు తిరుగుతాడు? ఎప్పుడు అంగీకరిస్తాడు? ఈ ప్రశ్నలే ఈ భాగానికి మూలం.

కొన్నేళ్ళ క్రితం ఒక అధ్యయన కేంద్రంలో ఈ పాఠం చెబుతున్నప్పుడు వెనుక బెంచీలో కూర్చున్న ఒక విద్యార్థి లేచి, "సార్, మా బ్యాంకు కూడా ఇలాగే వేరే బ్యాంకులో కలిసిపోయింది. జీతం తగ్గలేదు, ఉద్యోగం పోలేదు. అయినా బోర్డు మార్చిన రోజు ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను" అన్నాడు. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభిసీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైన సంగతి మీకు తెలుసు. నష్టం లేకపోయినా బాధ ఎందుకు కలుగుతుందన్నది ఆ విద్యార్థి అడగకుండానే అడిగిన ప్రశ్న. దానిని మనసులో ఉంచుకుని ఈ భాగాన్ని చదవండి.

14.2 విచారణ అంటే ఏమిటి?

తెలుగు కతోలికులు పారిష్‌ను 'విచారణ' అంటారు. ఈ మాటకు మనం మామూలుగా చెప్పుకునే దర్యాప్తు అనే అర్థం ఇక్కడ వర్తించదు. బాగోగులు విచారించడం, కనిపెట్టుకుని ఉండడం అనే పాత అర్థంలో దీనిని తీసుకోవాలి. ఒక విచారణ గురువు బాగోగులు చూసే విశ్వాసుల సమూహమే విచారణ. కొన్ని విచారణలు కలిస్తే ఒక మేత్రాసనం. దానికి అధిపతి పీఠాధిపతి.

మధ్యయుగ ఐరోపాలో విచారణల హద్దులు చాలాచోట్ల అస్పష్టంగా ఉండేవి. 1545 నుంచి 1563 వరకు జరిగిన ట్రెంట్ మహాసభ ఈ వ్యవస్థను క్రమబద్ధం చేసింది. ప్రతి విచారణకు నిర్దిష్టమైన హద్దు, సొంత గురువు ఉండాలని నిర్దేశించింది. వివాహాలను పుస్తకంలో నమోదు చేయడం గురువు బాధ్యత అయింది. సామాన్యుల పుట్టుక, పెళ్ళి, చావు గురించి నేటి చరిత్రకారులకు దొరికే ముఖ్యమైన ఆధారాల్లో ఈ రిజిస్టర్లు ఒకటి. ఒక విచారణ మూతపడినప్పుడు ఆ రిజిస్టర్లు ఎక్కడికి వెళతాయన్నది అందుకే మనకు కూడా ముఖ్యమైన విషయం.

ప్రస్తుతం అమలులో ఉన్న 1983 నాటి శ్రీసభ చట్టం 515వ నిబంధనలో విచారణను భూభాగంగానో భవనంగానో కాక, స్థిరంగా ఏర్పడిన విశ్వాసుల సమాజంగా నిర్వచించింది. విచారణను స్థాపించే, రద్దు చేసే, మార్చే అధికారం పీఠాధిపతికే ఉంది. అయితే ఆ పని చేసేముందు ఆయన గురువుల సలహామండలి అభిప్రాయం వినాలి. ఈ షరతును గుర్తుంచుకోండి. తరువాత వచ్చే కథలో దీని పాత్ర పెద్దది.

14.3 వలసదారులు కట్టుకున్న గుళ్ళు

అమెరికాలో విచారణలు ఎందుకు అంత దగ్గరదగ్గరగా ఉన్నాయి? దీనికి జవాబు వలసల చరిత్రలో ఉంది. 1840లలో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట తెగులు సోకి నాశనమైంది. ఆ కరువునుంచి తప్పించుకోవడానికి లక్షలాది మంది అమెరికా ఓడలెక్కారు. ఆ తరువాతి దశాబ్దాల్లో జర్మన్లు, ఇటాలియన్లు, పోలిష్ ప్రజలు, స్లొవాకులు, లిథువేనియన్లు వచ్చారు. అందరూ కతోలికులే అయినా ఒకరి భాష మరొకరికి రాదు. పాపసంకీర్తనం చేయాలన్నా, ప్రసంగం వినాలన్నా తమ భాష తెలిసిన గురువు కావాలి. అందువల్ల భూభాగంతో సంబంధం లేకుండా భాషను బట్టి, జాతిని బట్టి విచారణలు ఏర్పడ్డాయి. ఒకే వీధి మొదట్లో ఐరిష్ చర్చి, చివర్లో పోలిష్ చర్చి ఉండడం పారిశ్రామిక నగరాల్లో మామూలు విషయం.

ఉక్కు కర్మాగారాల్లో, బొగ్గు గనుల్లో, మాంసం ఫ్యాక్టరీల్లో పనిచేసే కూలీలు తమ వారపు కూలిలోనుంచి చిల్లర కూడబెట్టి ఈ చర్చీలను కట్టారు. 1884లో బాల్టిమోర్‌లో జరిగిన మూడవ సర్వసభ్య సభ ప్రతి విచారణకూ ఒక బడి ఉండాలని కోరింది. దాంతో చర్చి పక్కనే బడి, మఠకన్యల నివాసం, సమావేశ మందిరం వెలిశాయి. అక్కడి మనిషిని మీదెక్కడ అని అడిగితే వీధి పేరుకు బదులు విచారణ పేరు చెప్పేవాడు. తరువాతి కాలంలో విలీనం వార్త వినగానే ప్రజల నోట మొదట వచ్చిన మాట 'ఇది మా తాతలు కట్టింది' అన్నదే. ఆ మాట వెనుక ఉన్న చరిత్ర ఇది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని భాగం చివర ఇచ్చిన సమాధానంతో సరిపోల్చుకోండి.
అమెరికా నగరాల్లో విచారణలు దగ్గరదగ్గరగా ఏర్పడటానికి ముఖ్య కారణం ఏమిటి?

14.4 విలీనానికి దారితీసిన కారణాలు

మొదటి కారణం జనం కదలిక. రెండవ ప్రపంచయుద్ధం తరువాత వలసదారుల మనుమలు చదువుకుని, కార్లు కొనుక్కుని, నగరం నడిబొడ్డునుంచి శివారు ప్రాంతాలకు తరలిపోయారు. వేయిమంది పట్టే పాత చర్చిలో ఆదివారం వందమంది మిగిలారు. డెట్రాయిట్‌లో ఈ మార్పు ఎంత తీవ్రంగా ఉందంటే, 1989లో కార్డినల్ ఎడ్మండ్ షోకా నగరంలోని దాదాపు 30 చర్చీలను ఒక్కసారిగా మూసివేశారు.

రెండవ కారణం గురువుల కొరత. 1970 ప్రాంతంలో అమెరికాలో సుమారు 59 వేలమంది కతోలిక గురువులు ఉండేవారు. 2020 నాటికి ఆ సంఖ్య సుమారు 35 వేలకు పడిపోయింది. ఉన్నవారిలోనూ వృద్ధులే ఎక్కువ. ఈ లోటును పూరించడానికి అనేక మేత్రాసనాలు విదేశీ గురువులను ఆహ్వానించాయి. అలా వెళ్ళినవారిలో మన తెలుగు మేత్రాసనాల గురువులు కూడా ఉన్నారు.

మూడవ కారణం డబ్బు. జనం తగ్గితే కానుకలు తగ్గుతాయి. కాని నూరేళ్ళ నాటి పైకప్పు కారడం మానదు, చలికాలంలో వేడి చేసే ఖర్చు తగ్గదు. 

నాలుగవ కారణం విశ్వాసం దెబ్బతినడం. 2002 జనవరిలో బోస్టన్ గ్లోబ్ పత్రిక, పిల్లలపై లైంగిక అకృత్యాలకు పాల్పడిన గురువులను అధికారులు ఏళ్ళతరబడి కాపాడిన తీరును బయటపెట్టింది. అదే సంవత్సరం డిసెంబరులో కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామా చేశారు. విలీనం గురించి ప్రజలతో మాట్లాడవలసిన అధికారుల మాటకు అప్పటికే విలువ పడిపోయింది. ఈ నాలుగో కారణాన్ని లెక్కలోకి తీసుకోకపోతే బోస్టన్‌లో ఆ తరువాత జరిగినది మీకు అర్థం కాదు.

14.5 బోస్టన్: తాళం పడని ఒక తలుపు

2003లో బోస్టన్ అగ్రపీఠాధిపతిగా వచ్చిన షాన్ ఓమాలీ బాధితులతో 8.5 కోట్ల డాలర్ల పరిహారానికి ఒప్పందం చేసుకున్నారు. తరువాత విచారణల పునర్వ్యవస్థీకరణ మొదలుపెట్టారు. పరిహారం చెల్లించడానికి చర్చీలను అమ్మడం లేదని అగ్రపీఠం చెప్పింది. చాలామంది నమ్మలేదు. ఆయా ప్రాంతాల విచారణల ప్రతినిధులు కూర్చుని తమలో ఏది మూసివేయాలో సూచించాలని అడిగారు. పైకి ఇది సంప్రదింపులాగే కనిపిస్తుంది. ఆచరణలో మాత్రం పొరుగు చర్చి పేరు చెప్పడమో, తమ పేరు పోగొట్టుకోవడమో తప్ప మరో దారి లేని పరిస్థితి అది.

2004 మే 25న ఫలితం వెలువడింది. 357 విచారణల్లో 65 మూతపడతాయని ప్రకటించారు. వేసవి చివరికల్లా వేమౌత్ పట్టణంలోని పునీత ఆల్బర్ట్ విచారణ ప్రజలు చర్చిలోనే కూర్చుని రాత్రీపగలూ జాగరణ మొదలుపెట్టారు. మరికొన్ని చోట్ల ప్రజలు వారి బాట పట్టారు. ఆ ఏడాది నవంబరులో రాసిన లేఖలో ఓమాలీ తాను పడుతున్న వేదనను దాచుకోలేదు. పునీత ఆల్బర్ట్ విచారణను 2005లో తిరిగి తెరిచారు. మిగిలినవారి పోరాటం కొనసాగింది.

వాటన్నిటిలోకీ సుదీర్ఘమైనది సిచ్యుయేట్ అనే సముద్రతీర పట్టణంలో జరిగింది. అక్కడి చర్చికి పునీత ఫ్రాన్సిస్ గ్జేవియర్ కబ్రీని పేరు పెట్టారు. ఇటలీలో పుట్టి, అమెరికాలో వలసదారుల కోసం బడులు, ఆసుపత్రులు స్థాపించిన మఠకన్య ఆమె. 1946లో పునీతురాలిగా ప్రకటితురాలైన తొలి అమెరికా పౌరురాలు. 2004 అక్టోబరు 26న అధికారులు ఆ చర్చి తాళాలు మార్చారు. ఒక్క తలుపు మాత్రం తాళం పడకుండా మిగిలిపోయింది. ఆ తలుపుగుండా జనం లోపలికి వెళ్ళి కూర్చున్నారు. వంతులు వేసుకుని, ఎవరో ఒకరు ఎప్పుడూ లోపల ఉండేలా చూసుకున్నారు. మంచులోనూ, పండుగల్లోనూ కాపలా ఆగలేదు. పూజ చెప్పే గురువు లేకపోయినా ఆదివారం ప్రార్థనలు తామే జరుపుకున్నారు. వాటికన్‌కు అప్పీలు చేశారు, ఓడిపోయారు. మసాచుసెట్స్ కోర్టుల్లోనూ ఓడిపోయారు. 2016 మేలో అమెరికా సుప్రీంకోర్టు వారి అభ్యర్థనను తిరస్కరించింది. అదే నెల చివర్లో, 11 సంవత్సరాలకు పైగా సాగిన జాగరణను ముగించి వారు బయటికి వచ్చారు.

చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ ఒక జాగ్రత్త తీసుకోవాలి. జాగరణ చేసినవారిని మొండివారిగానో, అగ్రపీఠాన్ని దుర్మార్గంగానో చిత్రించడం తేలిక. ఆధారాలు మనల్ని అంత తేలిగ్గా వదలవు. జనం, గురువులు, డబ్బు మూడూ తగ్గిన మాట నిజం. ఏదో ఒక మార్పు తప్పని మాటా నిజం. అయితే మూతపడిన చర్చికి వెళ్ళేవారిలో కొందరు పొరుగు విచారణలో చేరారు, కొందరు పోరాడారు, మరికొందరు ఏ చర్చికీ వెళ్ళడం మానుకున్నారు. పత్రికల్లో పోరాడినవారి కథే కనిపిస్తుంది. చప్పుడు చేయకుండా దూరమైనవారి గురించి ఏ రిజిస్టరూ చెప్పదు. ఆధారాల్లోని ఈ ఖాళీని గుర్తించడం కూడా చరిత్ర రచనలో భాగమే.

14.6 క్లీవ్‌లాండ్: పద్ధతి తప్పిన నిర్ణయం

బోస్టన్ పునర్వ్యవస్థీకరణలో ప్రధాన పాత్ర వహించిన బిషప్ రిచర్డ్ లెనన్ తరువాత క్లీవ్‌లాండ్ పీఠాధిపతి అయ్యారు. 2009–2010లో అక్కడ సుమారు 50 విచారణలు తగ్గాయి. పోలిష్ ప్రజల పునీత కాసిమిర్ చర్చి తలుపులు 2009 నవంబరులో మూసుకున్నాయి. విశ్వాసులు ప్రతి ఆదివారం ఆ చర్చి ముందున్న కాలిబాట మీద నిలబడి ప్రార్థన చేస్తూ వచ్చారు. అదే సమయంలో పలు విచారణల వారు శ్రీసభ చట్టంలోని అప్పీలు నిబంధనలను చదువుకుని, గడువు లోపల వాటికన్‌కు అర్జీలు పెట్టుకున్నారు.

2012 మార్చిలో వాటికన్‌లోని గురువుల వ్యవహారాల మండలి 13 విచారణల విషయంలో వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. మూసివేతలో చట్టం నిర్దేశించిన పద్ధతిని సక్రమంగా పాటించలేదని తేల్చింది. పీఠాధిపతి అప్పీలుకు వెళ్ళలేదు. ఆ సంవత్సరం జూలైలో పునీత కాసిమిర్ చర్చి తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. గురువుల సలహామండలి అభిప్రాయం వినాలన్న షరతును గుర్తుంచుకోమని పైన మీకు చెప్పింది ఇందుకే. ఆ నియమాలు అధికారానికి అడ్డంకిగా కనిపించవచ్చు. కాని బాధితుడికి అధికారంతో మాట్లాడే అవకాశం ఇచ్చేవి అవే.

14.7 చట్టం స్పష్టం చేసిన తేడాలు

ఈ వివాదాల ఫలితంగా మూడు విషయాలు స్పష్టమయ్యాయి.

మొదటిది: విచారణను విలీనం చేయడం వేరు, చర్చి భవనాన్ని మూసివేయడం వేరు. రెండు విచారణలు ఒకటైనంత మాత్రాన ఒక చర్చికి తాళం వేయనక్కరలేదు. 1222వ నిబంధన ప్రకారం ఒక చర్చిని ఆరాధననుంచి తప్పించి లౌకిక అవసరాలకు ఇవ్వాలంటే అందుకు ప్రత్యేకంగా గట్టి కారణం చూపాలి. ఆ ఉపయోగం కూడా హేయమైనది కాకూడదు.

రెండవది: ఆస్తి ఎవరిది? 121వ నిబంధన ప్రకారం విలీనంలో ఆస్తులు, అప్పులు కొత్త విచారణకు సంక్రమిస్తాయి. దాతల ఉద్దేశాన్ని గౌరవించాలి. విశ్వాసులు ఎటు వెళితే వారి ఆస్తి అటు వెళ్ళాలేగాని నేరుగా మేత్రాసనానికి చేరకూడదని 2006లో అమెరికా పీఠాధిపతులకు రాసిన లేఖలో వాటికన్ గుర్తుచేసింది.

మూడవది: ఏ కారణం సరిపోతుంది? 2020 జూలైలో వెలువడిన వాటికన్ సూచనాపత్రం గురువుల కొరత, మేత్రాసనపు సాధారణ ఆర్థిక పరిస్థితి వంటివి మాత్రమే విచారణ రద్దుకు తగిన కారణాలు కావని పేర్కొంది. ప్రతి విచారణకూ దాని సొంత కారణాలు విడిగా చూపాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
విచారణ విలీనానికి, చర్చి మూసివేతకు మధ్య గల తేడా ఏమిటి?

14.8 కొత్త దారులు: కలిసి నడవడం

బోస్టన్ తన అనుభవంనుంచి కొంత నేర్చుకుంది. 2012లో 288 విచారణలను సుమారు 135 బృందాలుగా కలిపే పథకాన్ని ప్రకటించింది. బృందానికి ఒకే విచారణ గురువు, ఒకే సేవాబృందం ఉంటారు. కాని ప్రతి విచారణ తన పేరును, ఆస్తిని, లెక్కలను విడిగా నిలుపుకుంటుంది. అంటే పొయ్యి ఒకటైనా ఎవరి ఇల్లు వారిదే.

పిట్స్‌బర్గ్ మరోదారి పట్టింది. బిషప్ డేవిడ్ జూబిక్ 2015లో ప్రారంభించిన సంప్రదింపుల తరువాత, 2018లో 188 విచారణలను 57 సమూహాలుగా చేశారు. అక్కడ వెంటనే విలీనం చేయలేదు. మొదట కొత్త గురువుల బృందాలను నియమించి, పూజావేళలు సర్ది, ప్రజలు ఒకరితో ఒకరు కలిసి పనిచేయడానికి కొన్నేళ్ళ వ్యవధి ఇచ్చారు. ఆ తరువాతే చట్టపరమైన విలీనం. కొత్త విచారణకు పేరు సూచించే అవకాశాన్ని ప్రజలకు ఇచ్చారు. ఒకరి పేరులో మరొకరు కలిసిపోవడానికి బదులు అందరూ కొత్త పేరు కిందికి రావడం వల్ల, గెలిచినవారు, ఓడినవారు అన్న భావన కొంత తగ్గుతుంది. అలాగని పిట్స్‌బర్గ్‌లో కన్నీళ్ళు లేవని కాదు. అక్కడ కూడా తరువాతి కాలంలో పలు చర్చీలు మూతపడ్డాయి, అప్పీళ్ళు జరిగాయి.

విలీనమైన విచారణల్లో పని సాఫీగా సాగిన చోట్ల చిన్నచిన్న పద్ధతులు కొన్ని తరచుగా కనిపిస్తాయి. మూతపడే చర్చిలోని స్వరూపాన్ని, జ్ఞానస్నాన తొట్టిని, గంటను ఊరేగింపుగా కొత్త చోటికి తీసుకువెళ్ళడం ఒకటి. రెండు సమాజాల పాలకపునీతుల పండుగలనూ కొనసాగించడం ఇంకొకటి. గాయకబృందాలను కలపడం, రిజిస్టర్లను భద్రపరచి అడిగినవారికి చూపించడం కూడా ఇలాంటివే. అందరికీ నచ్చే పూజావేళ ఏదీ ఉండదు కాబట్టి ఇరువైపులవారూ ఎంతోకొంత వదులుకోవలసివచ్చింది. ఒకవైపు మాత్రమే వదులుకున్న చోట వచ్చినవారు ఏళ్ళు గడిచినా అతిథులుగానే మిగిలిపోయారు.

14.9 మనకు దగ్గరి అనుభవం

తెలుగునాట కతోలిక శ్రీసభ ఇరవయ్యో శతాబ్దంలో విలీనానికి వ్యతిరేక దిశలో సాగింది. నెల్లూరు (1928), బెజవాడ (1937), గుంటూరు (1940), ఏలూరు (1976), ఖమ్మం (1988), శ్రీకాకుళం (1993) మేత్రాసనాలు పెద్దవాటినుంచి విడిపోయి ఏర్పడినవే. విభజన వేరు, విలీనం వేరు. విడిపోయి కొత్త కాపురం పెట్టినప్పుడు ఉండే ఉత్సాహం, రెండు కాపురాలు ఒక కప్పు కిందికి వచ్చినప్పుడు ఉండదు.

విలీనానికి తెలుగునేలలో ఉదాహరణ కావాలంటే ప్రొటెస్టెంట్ చరిత్రను చూడాలి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, దక్షిణ భారత ఐక్య సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా, అంటే సి.ఎస్.ఐ.గా ఏర్పడ్డాయి. ఈ ఐక్యతకోసం కృషి చేసినవారిలో దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య ముఖ్యులు. ఆయన 1945లోనే మరణించారు కాబట్టి ఆ రోజును చూడలేకపోయారు. అయితే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాల్లో చాలామంది అప్పుడు అందులో చేరలేదు. తమ ఆరాధన పద్ధతి, తమ పూర్వ సంబంధాలు పోతాయేమోనని శంకించారు. నంద్యాల మేత్రాసనం సి.ఎస్.ఐ.లో చేరేసరికి 1970లు వచ్చాయి. దాదాపు ఒక తరం పట్టిందన్నమాట. కాలం పట్టడాన్ని వైఫల్యంగా చూడనక్కరలేదని ఈ ఉదాహరణ చెబుతుంది.

14.10 సారాంశం

విచారణ ఒక భవనం కాదు, విశ్వాసుల సమాజం అని చట్టం చెబుతుంది. మనిషి మనసు మాత్రం ఆ సమాజాన్ని భవనంలోనే, పేరులోనే, ఒక బల్ల మూలలోనే గుర్తుపెట్టుకుంటుంది. ఈ రెండింటి మధ్య దూరమే విలీనాల్లో వచ్చే ఘర్షణకు మూలం. జనం తరలింపు, గురువుల కొరత, ఆర్థిక భారం మార్పును తప్పనిసరి చేశాయి. కాని మార్పును ప్రజలు అంగీకరించడం, అంగీకరించకపోవడం ఆ కారణాల మీద ఆధారపడలేదు. నిర్ణయంలో తమ మాట ఉందా, నియమం పాటించారా, తమ జ్ఞాపకానికి కొత్త ఇంట్లో చోటు దొరికిందా, భారం ఇరువైపులా పడిందా అన్న వాటిమీద ఆధారపడింది.

మార్పును స్వాగతించండి అని చెప్పడం సులభం. ఆ మాట ఎప్పుడూ పోగొట్టుకునేవారికే చెబుతాం. ఉన్నచోటే ఉండి కొత్తవారిని చేర్చుకునేవారికి కూడా ఆ మాట అంతే వర్తిస్తుందని ఈ చరిత్ర తెలియజేస్తుంది. బోర్డు మార్చిన రోజు అన్నం తినలేకపోయిన మన విద్యార్థికి జవాబు కూడా ఇందులోనే ఉంది. అతడు పోగొట్టుకున్నది జీతం కాదు, తనను తాను చెప్పుకునే పేరు. కొత్త చోట అతడి పాత పేరు అడిగి తెలుసుకునేవారు ఒకరున్నా విలీనం సగం పూర్తయినట్లే.

14.11 మీ ప్రగతిని సమీక్షించుకోండి – నమూనా సమాధానాలు

1. వలస వచ్చిన ప్రజల భాషలు వేరువేరు కావడం వల్ల ఒక్కొక్క భాషా సమూహం తనకు విడిగా విచారణను ఏర్పరచుకుంది.
2. విలీనం సమాజాలకు సంబంధించినది, మూసివేత భవనానికి సంబంధించినది. విలీనం జరిగినా చర్చిని మూయనక్కరలేదు. మూయడానికి విడిగా గట్టి కారణం చూపాలి.

14.12 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. అమెరికాలో విచారణల విలీనానికి దారితీసిన కారణాలను వివరించండి.
2. బోస్టన్, పిట్స్‌బర్గ్ మేత్రాసనాలు అనుసరించిన పద్ధతులను పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ట్రెంట్ మహాసభ విచారణ వ్యవస్థలో తెచ్చిన మార్పులు ఏవి?
2. 2012లో క్లీవ్‌లాండ్ విషయంలో వాటికన్ ఇచ్చిన తీర్పు ప్రాముఖ్యం ఏమిటి?

III. అభ్యాసం: మీ ఊళ్ళో విలీనమైన బడి, బ్యాంకు, సంఘం లేదా కార్యాలయం ఏదైనా ఉంటే, అందులో పనిచేసిన లేదా చదివిన ఇద్దరు పెద్దలను కలవండి. ఒకరు వెళ్ళి చేరినవారు, మరొకరు చేర్చుకున్నవారు అయ్యేలా చూసుకోండి. ఇద్దరూ చెప్పిన విషయాలను విడివిడిగా రాసి, ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో గుర్తించండి.